చదివి పారేసే కాగితం ఏది, దాచుకునే కాగితం ఏది?

ప్రశ్న: అక్కా, నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. నాన్నగారు జేకే పూర్ కాగితం మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. నేను ఇంటి దగ్గరే ఆరు నుంచి పదో తరగతి దాకా నలభై మంది పిల్లలకు ట్యూషన్ చెబుతున్నాను. వారానికి రెండు టెస్టులు పెడతాను. ఒక్కో టెస్టుకు ఒక్కొక్కరికి మూడు కాగితాలు, అన్నీ ఒకవైపే ప్రింటు. మొదటి రెండింటిలో ప్రశ్నలు, వాటి కింద జవాబుకు ఖాళీ ఉంటాయి, మూడోది రఫ్ పేజీ. నెలకు దగ్గర దగ్గర వెయ్యి కాగితాలు, జిరాక్స్ బిల్లు రెండు వేలు. ఇవి కాక, మన పిల్లలకు బడిలో తెలుగు లేదు కదా అని ప్రతి శనివారం ఒక పేజీ తెలుగు కథో పద్యమో ప్రింటు తీసి ఇస్తాను. బెంగళూరులో ఉండే తమ్ముడు "ఇంకా ఈ కాగితాలేంటక్కా, ఎలక్ట్రానిక్ పేపర్ పరికరాలు ఒక పది కొనేద్దాం, డబ్బు నేను పెడతా" అంటున్నాడు. నాన్నగారికి ఆ మాటే గిట్టడం లేదు. "కాగితం జీతంతోనే కదా మీరిద్దరూ చదువుకున్నారు, ఇప్పుడది పాపమైపోయిందా" అని అలిగారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. చెట్ల సంగతి తలుచుకుంటే తమ్ముడు చెప్పిందే నిజమనిపిస్తుంది. నాన్నగారి మొహం చూస్తే నోరు పెగలదు. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, పది పరికరాలు కొనొద్దు. తమ్ముడు అంత ప్రేమగా డబ్బు పెడతానంటున్నాడు కాబట్టి ఒక్కటి కొనిపించుకో. అది పిల్లలకు కాదు, నీకు. ఎందుకో చెబుతాను. ముందు మీ తమ్ముడు చెబుతున్న వస్తువు ఏమిటో నీకు బాగా తెలియాలి. అది తెలిస్తే ఇంట్లో ఎవరితోనైనా నిదానంగా మాట్లాడగలవు.

ఎలక్ట్రానిక్ పేపర్ తెర ఫోన్ తెర లాంటిది కాదు. ఫోన్ తెర వెలుగును మన కళ్లలోకి పంపుతుంది. ఎలక్ట్రానిక్ పేపర్ మీద అక్షరం బయటి వెలుగులోనే కనిపిస్తుంది, అచ్చు పుస్తకంలో కనిపించినట్టే. ఆ తెరలో వెంట్రుక మందాన ఉండే గుళికలు లక్షల్లో ఉంటాయి. ఒక్కో గుళికలో పారదర్శకమైన నూనె లాంటి ద్రవం, అందులో తేలే తెల్ల రేణువులు, నల్ల రేణువులు. తెల్లవి టైటానియం డయాక్సైడ్, అంటే గోడలకు వేసే తెల్ల రంగులో ఉండే పదార్థమే. తెల్ల రేణువులకు ఒక రకం చార్జి, నల్లవాటికి దానికి వ్యతిరేకమైన చార్జి ఉంటాయి. కింద నుంచి కరెంటు ఇస్తే ఒక రంగు రేణువులు పైకి వస్తాయి, రెండో రంగువి అడుక్కి దిగుతాయి. అలా వచ్చిన అక్షరం అక్కడే నిలిచిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి కరెంటు అక్కర్లేదు, పేజీ తిప్పినప్పుడే కాస్త కావాలి. అందుకే ఒకసారి చార్జింగ్ పెడితే చదువుకునే పరికరం వారాల తరబడి నడుస్తుంది. వేసవిలో సాయంత్రం పూట కరెంటు పోయినప్పుడు వరండాలో కూర్చుని చదువుకోవడానికి ఇంతకంటే హాయైన తెర నేను చూడలేదు. ఎండపొడ పడుతున్నా అక్షరం చెదరదు, ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇది నిన్న మొన్న పుట్టిందీ కాదు. 1970లలోనే జిరాక్స్ కంపెనీ పరిశోధనశాలలో నికొలస్ షెరిడాన్ అనే ఆయన సగం తెలుపు, సగం నలుపు ఉన్న బుల్లి గుండ్లను కరెంటుతో తిప్పి అక్షరాలు తెప్పించాడు. గుళికల పద్ధతి అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మొదలైంది. దాన్ని తయారుచేసినవాళ్లే 1997లో 'ఈ-ఇంక్' అనే కంపెనీ పెట్టారు. 2004లో జపాన్‌లో సోనీ వాళ్లు ఆ తెరతో చదువుకునే యంత్రం అమ్మారు, 2007లో అమెజాన్ కిండిల్ వచ్చింది. రాసుకోవడానికి కూడా పనికొచ్చే పెద్ద తెరలు ఆ తర్వాత వచ్చినవి. మీ తమ్ముడు చెబుతున్నది బహుశా ఈ రాసుకునే రకమే. దాని ధర పదుల వేలల్లో ఉంటుంది.

ఇప్పుడు నీ ట్యూషన్ దగ్గరికి వద్దాం. పిల్లలు నలభై మంది, పరికరాలు పది. టెస్టు రోజున నలుగురికి ఒకటి. ఒకరు రాస్తుంటే ముగ్గురు ఏం చేస్తారు? పోనీ నలభై కొన్నారే అనుకో, ఆరో తరగతి పిల్లలు సంచీలో వేసి ఆ సంచీ మీదే కూర్చుంటారు. ఈ తెర పగిలితే బాగు చేయించే ఖర్చు కొత్తదాని ధరకు దగ్గరగా ఉంటుంది. దానికి రాయగడలో మనిషి దొరక్క విశాఖపట్నమో భువనేశ్వరమో పంపాల్సి వస్తుంది. నీకు మిగిలేది నెలకు రెండు వేలు. ఆ లెక్కన ఒక్క పరికరం డబ్బు రావడానికే ఏడాదో రెండేళ్లో పడుతుంది.

డబ్బు సంగతి పక్కన పెట్టినా ఇంకో కారణం ఉంది. మీ పిల్లలు పదో తరగతిలో కటక్ బోర్డు పరీక్ష రాయాల్సింది కాగితం మీద, పెన్నుతో. మూడు మార్కుల ప్రశ్నకు ఎన్ని లైన్లు రాయాలి, ఒక పేజీలో ఎంత పడుతుంది, కొట్టివేత ఎలా కొట్టాలి, చెయ్యి నొప్పి పుట్టకుండా గంటల తరబడి ఎలా రాయాలి, ఇవన్నీ చేతికి అలవాటు కావాల్సినవి. అది గాజు లాంటి తెర మీద వచ్చే అలవాటు కాదు. చదివి అర్థం చేసుకునే విషయంలో కూడా 2018లో 54 అధ్యయనాలను కలిపి చూసినవాళ్లు, పాఠం లాంటి సమాచారాన్ని, అందులోనూ టైము పెట్టి చదివేటప్పుడు, తెర మీద కంటే కాగితం మీద చదివినవాళ్లకే ఎక్కువ అర్థమవుతోందని తేల్చారు. వాళ్లు చూసిన తెరల్లో ఎక్కువ కంప్యూటర్లవే. కానీ టెస్టు అంటేనే టైము పెట్టి చదివేది కదా, అందుకే చెబుతున్నాను.

మరి నెలకు వెయ్యి కాగితాలు అలాగే పోనివ్వాలా? అక్కర్లేదు. నీ ఉత్తరంలో నాకు బాగా గుచ్చుకున్నది ఆ మూడో కాగితం. పైన "రఫ్ పేజీ" అని ఒక్క మాట అచ్చు వేయించి, దానికి కూడా జిరాక్స్ షాపులో డబ్బు కడుతున్నావు. పిల్లవాడు దాని మీద నాలుగు కూడికలు చేసి అక్కడే వదిలేసి పోతాడు. ఈ మూడో కాగితాన్ని రేపటి నుంచే ఆపేయ్. దాని బదులు పిల్లలకు రాసి చెరిపేసే పలక ఇవ్వు.

మామూలు మార్కాపురం పలక, బలపం ఇచ్చినా పని జరుగుతుంది. పెద్ద పిల్లలు "మేమేమైనా ఒకటో క్లాసా" అని మొహం ముడుచుకుంటే ఎల్‌సీడీ రైటింగ్ ప్యాడ్ ఉంది. ఆటబొమ్మల షాపుల్లో, ఆన్‌లైన్‌లో చిన్న సైజువి నూట యాభై నుంచి మూడు వందల మధ్యలో దొరుకుతున్నాయి. నల్ల తెర మీద ప్లాస్టిక్ పుల్లతో రాస్తే పచ్చగానో రంగురంగులుగానో గీత పడుతుంది, కింద బటన్ నొక్కితే అంతా ఒక్కసారిగా చెరిగిపోతుంది. మీ తమ్ముడు చెబుతున్న ఎలక్ట్రానిక్ కాగితానికి ఇది దగ్గరి చుట్టమే. లోపల ఒక రకం లిక్విడ్ క్రిస్టల్ ఉంటుంది. పుల్లతో నొక్కిన చోట అది పక్కకు జరిగి వెలుగును వెనక్కి కొడుతుంది, అదే మనకు గీతలా కనిపిస్తుంది. రాయడానికీ, రాసింది నిలవడానికీ కరెంటు ఖర్చు లేదు, చెరపడానికి మాత్రమే బటన్ సెల్ వాడుకుంటుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కెంట్ అనే ఊళ్లో ఒక కంపెనీ 2010లో బూగీ బోర్డ్ పేరుతో దీన్ని బజారులో పెట్టింది. ఇప్పుడు మన ఊళ్లలో పుట్టినరోజు కానుకగా ఇచ్చేంత మామూలైపోయింది.

దాని లోపాలు కూడా తెలుసుకో. రాసింది దాచుకోవడం కుదరదు. ఒక్క అంకె తప్పు పడితే ఆ అంకెనే చెరపలేవు, అంతా పోతుంది. ఒక రకంగా లెక్కల రఫ్ పనికి అది మంచిదే, పిల్లవాడు మొదటి నుంచి మళ్లీ చేస్తాడు. గోటితో గీకినా, బాల్ పెన్ మొనతో రాసినా తెర మీద గాట్లు పడతాయి. అన్నిటికంటే ముఖ్యం ఆ బటన్ సెల్. దాని మూతకు స్క్రూ ఉన్న ప్యాడ్‌లే కొను, ఊరికే లాగితే వచ్చేసే మూత ఉన్నవి వద్దు. చిన్న పిల్లలు ఆ సెల్ మింగితే గొంతులో, ఆహార గొట్టంలో కొద్ది గంటల్లోనే కాలిన పుండు పడుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మీ ఇంటికి ట్యూషన్ పిల్లల వెంట చిన్న చెల్లెళ్లూ తమ్ముళ్లూ వస్తూనే ఉంటారు కదా. సెల్ అయిపోతే నువ్వే మార్చు, పాతదానికి రెండు వైపులా టేపు అంటించి విడిగా ఒక డబ్బాలో వెయ్యి, మామూలు చెత్తలో వద్దు. నలభై ఒకేసారి కొనకు. ఒక పది తీసుకుని ఎనిమిది, తొమ్మిది క్లాసుల లెక్కల పిల్లలకు ఇచ్చి ఒక నెల చూడు. నచ్చితే తర్వాత పెంచుకోవచ్చు.

ఇక మిగిలిన రెండు కాగితాలు. ఆ రెండు పేజీలూ ఒకే కాగితానికి రెండు వైపులా వేయించు. అప్పుడు టెస్టుకు నలభై కాగితాలు చాలు, వారానికి ఎనభై. నెలకు 960 కాగితాలు వాడే చోట 320. బరువులో చెప్పాలంటే 75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే ఏ4 కాగితం ఒక్కొక్కటి నాలుగున్నర గ్రాములు దాటి తూగుతుంది, కాబట్టి నెలకు నాలుగున్నర కిలోల నుంచి కిలోన్నరకు దిగుతావు. బిల్లు మాత్రం మూడో వంతుకు దిగదు, జిరాక్స్ షాపులో వైపుకు ఇంత అని లెక్క కడతారు కాబట్టి. రిమ్ము మనమే కొని ఇస్తే వైపుకు ఎంత తగ్గిస్తారో అడుగు, నెలనెలా వచ్చే గిరాకీ కాబట్టి కాదనరు. పలుచటి కాగితం తీసుకుంటే వెనకవైపు అక్షరాలు ఇవతలికి కనిపించి పిల్లలు తికమక పడతారు.

ఇక్కడే నాన్నగారి అవసరం పడుతుంది. ఆ కాగితం ఆయన్నే ఎంచమను. మిల్లులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి కాగితాన్ని వెలుగుకు పట్టి చూస్తే చాలు, రెండు వైపులా ప్రింటుకు ఆగుతుందా లేదా చెప్పేస్తారు. ఏ కాగితం మీద ఇంకు పాకుతుంది, ఏ మ్యాప్‌లితో రకం ప్రింటింగు కాగితం చవక, రిమ్ము ఎలా ఉంచితే వానాకాలంలో చెమ్మ పట్టి మిషన్‌లో ఇరుక్కోకుండా ఉంటుంది, ఇవి నీకూ నాకూ తెలియవు, ఆయనకు తెలుసు. ఇది ఆయన్ని బుజ్జగించడానికి చెప్పే మాట కాదమ్మా. కాగితం పొదుపుగా వాడాలంటే కాగితం తెలిసినవాళ్లు కావాలి.

ఆయన బాధలో న్యాయం కూడా ఉంది. ఆ మిల్లు 1962లో మొదలైంది. రాయగడ చుట్టుపక్కల ఎన్నో తెలుగు, ఒడియా కుటుంబాలు దాని జీతాల మీద నిలబడ్డాయి. ఒకప్పుడు అడవి వెదురుతో నడిచిన కాగితం పరిశ్రమ ఇప్పుడు ఎక్కువగా రైతులు పొలాల్లో పెంచే సరుగుడు, జామాయిల్, సుబాబుల్ మీద ఆధారపడుతోంది. మన వైపు పొలం గట్ల మీద, మెట్ట భూముల్లో కనిపించే ఆ తోటలు నరకడానికే నాటినవి. అందుకని ఒక్కో కాగితం ఒక అడవి చెట్టును పడగొట్టినట్టు అనుకోనక్కర్లేదు. అలాగని కాగితానికి ఖర్చే లేదనీ కాదు. గుజ్జు ఉడికించడానికి, తెల్లగా చేయడానికి బోలెడు నీళ్లు, ఆవిరి, రసాయనాలు కావాలి. ఆ సంగతి మనకంటే నాన్నగారికే బాగా తెలుసు. ఎలక్ట్రానిక్ పేపర్ పరికరానికీ దాని ఖర్చు దానికి ఉంది. దానిలో లిథియం బ్యాటరీ, సర్క్యూట్లు, గనుల నుంచి తవ్వి తీసిన లోహాలు ఉంటాయి. దానివల్ల భూమికి మేలు జరిగేది అది చాలా ఏళ్లు నడిచి, వేల కాగితాలను నిజంగా ఆపినప్పుడే. మీ తమ్ముడు అడగాల్సింది "కాగితమా, పరికరమా" అని కాదు, "ఈ ఒక్క పరికరం ఎన్ని కాగితాలను ఆపుతుంది" అని. పిల్లల చేతిలో పది పరికరాలు రెండేళ్లలో మూలన పడితే కాగితమే మేలు. వాడేసిన కాగితం కనీసం మళ్లీ గుజ్జవుతుంది, ఒకే నార ఐదారుసార్లు కాగితంగా తిరిగి వస్తుంది.

దిద్దేసిన పాత కాగితాల గుట్ట ఉంటే దాన్ని పాత పేపర్ల బండికే వెయ్యి. బజ్జీల బండివాళ్లు అడిగితే ఇవ్వకు. వార్తాపత్రికల్లో తినే వస్తువులు కట్టొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. వేడి నూనె తగిలితే ఇంకు తిండిలోకి దిగుతుంది. ఆ బజ్జీలు తినేది మన పిల్లలే.

నీకు ఒక్కటి కొనుక్కోమన్నాను కదా, ఆ సంగతి. టీచరు చదివే కాగితం టీచరు ఇచ్చే కాగితం కంటే తక్కువేమీ కాదు. టెస్టు తయారుచేయడానికి పాత ప్రశ్నపత్రాలు, బోర్డు మోడల్ పేపర్లు, ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు ప్రింటు తీస్తావు, రెండు ప్రశ్నలు ఏరుకుంటావు, మిగతాది పక్కన పడేస్తావు. ఒక్కసారి చూసి పారేసే ఈ రకం కాగితాల మీదే జిరాక్స్ కంపెనీ వాళ్లు పరిశోధన చేశారు. ఆఫీసుల్లో ప్రింటు తీసే ప్రతి ఐదు పేజీల్లో రెండు ఆ ఒక్క రోజు పనికేనని వాళ్ల అంచనా. అందుకే 2006లో వాళ్లు, వేసిన అచ్చు 16 నుంచి 24 గంటల్లో తనంతట తానే మాసిపోయి, అదే కాగితం మీద మళ్లీ ప్రింటు తీసుకోగలిగే కాగితాన్ని చేసి చూపించారు. అది బజారులోకి రాలేదు. కానీ వాళ్లు పట్టుకున్న విషయం నిజం. ఒక్కసారి చదివి వదిలేసేదానికి ఎలక్ట్రానిక్ పేపర్ సరిగ్గా సరిపోతుంది. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల పీడీఎఫ్‌లు ఉచితంగానే దొరుకుతాయి, వాటిని అందులో వేసుకుని, గీతలు గీసుకుని, ప్రశ్నలు ఏరుకో. ఆ పరికరం నీ ఒక్కదాని చేతిలో ఉంటుంది, జాగ్రత్తగా ఉంటుంది, ఏళ్ల తరబడి నడుస్తుంది.

శనివారం ఇచ్చే తెలుగు పేజీ జోలికి మాత్రం ఎవరినీ రానివ్వకు. దానికి నెలకు 160 కాగితాలు పోయినా సరే. ఆ పిల్లలు బడిలో ఒడియా, ఇంగ్లిషు, హిందీ చదువుతారు. తెలుగు నోటితో మాట్లాడతారు గానీ అక్షరం కూడబలుక్కోవడం చాలామందికి రాదు. నువ్విచ్చిన పేజీ ఇంటికి వెళ్తుంది. వంటగదిలో అమ్మ చేతికి వస్తుంది, తాతగారు కళ్లద్దాలు పెట్టుకుని పైకి చదువుతారు, పిల్లవాడు పక్కన కూర్చుని వేలు పెట్టి అక్షరాలు పోల్చుకుంటాడు. ఆ కాగితం గోడకు అంటుకుంటుంది, పుస్తకంలో దాక్కుంటుంది, చెల్లెలి దాకా పోతుంది. పరికరంలో ఉన్న కథ ట్యూషన్ అయ్యేసరికి నీ బీరువాలోకి పోతుంది. సరిహద్దుకు ఇవతల మన భాష చదవడం నిలబడాలంటే ఇలాంటి పేజీలే ఇళ్లలో తిరగాలి. వీలైతే దానికి మంచి కాగితం వాడు, అక్షరం పెద్దది పెట్టు, పైన వరుస సంఖ్య వెయ్యి. పిల్లలకు దారంతో కుట్టుకోవడం నేర్పు. ఏడాది తిరిగేసరికి ఒక్కొక్కరి దగ్గర ఒక పుస్తకం తయారవుతుంది.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు "నీ మాట తప్పు" అనకు. టెస్టు కాగితాల్లో మూడింట రెండు వంతులు ఆపేస్తున్నానని ఆ లెక్క చూపించు, చాలా సంతోషిస్తాడు. పది పరికరాలకు అనుకున్న డబ్బులో ఒకటి నీకు, మిగతాది రైటింగ్ ప్యాడ్‌లకు, ఆ తెలుగు పేజీలకు మంచి కాగితానికి పెట్టమను.

కొనేటప్పుడు ఇవి చూసుకోండి. తెర పది అంగుళాలకు తగ్గితే ఏ4 పేజీ పీడీఎఫ్ చదవడానికి కళ్లు లాగుతాయి. తమ్ముడు బెంగళూరులో షాపులో నిలబడి ఒక తెలుగు పీడీఎఫ్, ఒక ఒడియా పీడీఎఫ్ అందులో తెరిచి చూడాలి, ఒత్తులు, గుణింతాలు విడిపోకుండా వస్తున్నాయా అని. దానిలోని కీబోర్డుతో తెలుగు కొట్టగలమా అన్నది వేరే సంగతి, నీకది అంత అవసరం కాదు. పేజీ తిప్పినప్పుడు తెర ఒక్క క్షణం నల్లగా మెరుస్తుంది, పాత అక్షరాల నీడ లీలగా మిగులుతుంది. అది పాడైపోవడం కాదు, ఈ తెర పనిచేసే తీరే అంత. పెన్ను మొన అరిగితే మార్చుకునే మొనలు విడిగా దొరుకుతాయా అడగండి. తెరకు వారంటీ ఉందా, పగిలితే ఏ ఊరికి పంపాలి, ఆ రెండూ బిల్లు మీద రాయించుకోండి.